కోడింగ్ నేర్పితే లెక్కలు వస్తాయా?

ఆజ్ఞల బ్లాకులు పేర్చి ప్రోగ్రాం రాసే స్క్రాచ్ భాషలో సమబాహు త్రిభుజం గీయమంటే ఐదో తరగతి పిల్లల్లో చాలామంది ఒకే దారి పడతారు. త్రిభుజంలో ఒక్కో కోణం 60 డిగ్రీలని పుస్తకంలో చదివారు కదా, తెర మీది పిల్లికి ‘100 అడుగులు నడువు, 60 డిగ్రీలు తిరుగు’ అని మూడుసార్లు చెబుతారు. పిల్లి చెప్పినట్టే చేస్తుంది, త్రిభుజం మాత్రం రాదు. మూడు గీతలు పడి, షడ్భుజిలో సగం దగ్గర బొమ్మ ఆగిపోతుంది. అక్కడ కావలసింది 120. బొమ్మ లోపలి కోణంతో పిల్లికి పని లేదు. పోతున్న దారి నుంచి ఎంత పక్కకు మళ్లాలన్నదే దానికి కావాలి.

ఇక్కడి నుంచి తరగతి రెండు విధాలుగా నడవవచ్చు. టీచరు ‘60 తీసేసి 120 పెట్టు’ అంటే బొమ్మ వచ్చేస్తుంది, పీరియడ్ అయిపోతుంది. లేదా ఒక పిల్లను లేపి అదే త్రిభుజాన్ని నేల మీద నడవమంటే, మూల దగ్గర ఒంటిని ఎంత తిప్పాల్సి వచ్చిందో పిల్లకే తెలుస్తుంది. బయల్దేరిన చోటికి, బయల్దేరిన దిక్కుకే తిరిగి వచ్చేసరికి మొత్తం ఒక చుట్టు, అంటే 360 డిగ్రీలు. మూడు మూలలకు పంచితే 120, ఐదింటికి 72, ఆరింటికి 60. ఏడింటికి పంచబోతే భాగహారం తెగదు. అది ఇంకో మంచి పాఠం. రెండు తరగతుల్లోనూ పిల్లలు చేసింది కోడింగే. లెక్కలు జరిగింది రెండోదాంట్లో.

కోడింగ్ చిన్నప్పుడే మొదలుపెట్టాలా, వద్దా అని వాదించుకునేవాళ్లు ఈ తేడాను పట్టించుకోవడం తక్కువ. ‘లాజిక్ పెరుగుతుంది’ అని ఒకరు, ‘కళ్లు పాడవుతాయి’ అని ఒకరు. మధ్యలో దాదాపు ఆరు దశాబ్దాల అనుభవం పడి ఉంది. దాన్ని ఒకసారి తిరగేస్తే ఇప్పటి ప్రశ్నలు చాలావరకు పాతవేనని తేలుతుంది.

లోగో అనే ప్రోగ్రామింగ్ భాష 1967లో పుట్టింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు కేంబ్రిడ్జ్‌లో, బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థలో వాలీ ఫోయర్‌జైగ్, సేమోర్ పాపర్ట్, సింథియా సాలమన్ కలిసి చేశారు. స్క్రాచ్ పిల్లిలాగా గీతలు గీసే తాబేలు తర్వాత వచ్చి చేరింది. దక్షిణాఫ్రికాలో పుట్టిన గణితవేత్త పాపర్ట్ అంతకుముందు జెనీవాలో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే దగ్గర పనిచేశారు. పిల్ల తన జ్ఞానాన్ని తానే కట్టుకుంటుందన్న పియాజే మాటను కంప్యూటరు దాకా తీసుకొచ్చారు. ఫ్రాన్సులో పెరిగే పిల్లకు ఫ్రెంచి ఎలా అబ్బుతుందో, గణితం అలా అబ్బే వాతావరణం కావాలన్నది 1980లో వచ్చిన ఆయన పుస్తకం ‘మైండ్‌స్టార్మ్స్’ సారం. ఆ పుస్తకం ఊపులో అమెరికా, బ్రిటన్ బడులు లోగోను ఎగబడి తెచ్చుకున్నాయి.

ఊపు తగ్గించింది న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీ. అక్కడ రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ లోగో నేర్చిన పిల్లలకు కంప్యూటరుతో సంబంధం లేని పని ఇచ్చారు: తరగతి గది పనులన్నీ తక్కువ తిరుగుడుతో పూర్తయ్యేలా వరుస వెయ్యండి అని. లోగో నేర్చినవాళ్లు నేర్వనివాళ్లకంటే మెరుగ్గా ఏమీ చేయలేదు. 1984 ప్రాంతంలో వెలువడ్డ ఆ ఫలితాలకు పాపర్ట్ గట్టిగానే జవాబిచ్చారు. సాధనాన్ని తరగతి సంస్కృతి నుంచి విడదీసి, మందు డోసులా కొలవడమే పొరపాటన్నారు. ఆ జవాబులో నిజముంది. తప్పించుకునే సందు కూడా ఉంది: ఏ ఫలితం వచ్చినా ‘సరిగ్గా నేర్పలేదు’ అనగలిగితే ఇక ఏ పరీక్షకూ అర్థం ఉండదు.

నా దృష్టిలో ఆ గొడవను తేల్చింది ఈ రెండు పక్షాలూ కాదు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్లార్, షారన్ కార్వర్ 1988లో ప్రచురించిన పని. వాళ్లు లోగోను పిల్లల ముందు పెట్టి వదిలేయలేదు. ప్రోగ్రాంలో తప్పు ఎలా వెతకాలో మెట్టుమెట్టుగా, పేరు పెట్టి మరీ నేర్పారు. రావలసిందేమిటి, వచ్చిందేమిటి, తేడా ఎలాంటిది, ఆ తేడా తెచ్చే ఆజ్ఞ ఎక్కడ ఉండొచ్చు అని. ఆ పిల్లలకు తర్వాత కాగితం మీద దారి గుర్తులు, సామాను సర్దే సూచనలు ఇచ్చి వాటిలో తప్పు పట్టమంటే, ముందుకంటే బాగా పట్టారు. నేర్పినది దాటింది. దాటాలని ఉద్దేశించి నేర్పారు కాబట్టి దాటింది.

ఒకచోటి నేర్పు మరోచోటికి దానంతటది నడిచి వెళ్లదన్న సంగతికి మన దేశం నుంచే పెద్ద సాక్ష్యం ఉంది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం 2025లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరగాయలూ సరుకులూ అమ్మే పిల్లలు కిలోల ధరలు, చిల్లర లెక్కలు నోటితోనే కట్టేశారు. అదే స్థాయి తీసివేత, భాగహారం బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే చాలామంది తడబడ్డారు. బడి పిల్లలది దీనికి తలకిందులు. అంకెలు అవే అయినా బజారుకూ బడికీ మధ్య గోడ అంత గట్టిది. కోడింగ్ నేర్చిన పిల్లకు లెక్కలు వాటంతటవే వస్తాయని చెప్పేవాళ్లు ఈ గోడకు సమాధానం చెప్పాలి.

ఇక అంకెలు. నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయానికి చెందిన రోనీ షెరర్, మరో ఇద్దరు కలిసి 2019లో 105 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే ఇతర నైపుణ్యాలపై మొత్తం ప్రభావం 0.49 అని తేలింది. గణితం ఒక్కటే తీసుకుంటే 0.57. దీన్ని మామూలు మాటల్లో చెప్పాలంటే, వందమందిలో సరిగ్గా మధ్యన ఉన్న పిల్ల కింది నుంచి దాదాపు డెబ్బయ్యో స్థానానికి ఎక్కినట్టు. చిన్న సంగతేమీ కాదు. కోచింగ్ కంపెనీల బ్రోచర్లకు ఎక్కదగ్గ అంకె. కానీ ఆ వ్యాసంలోనే ఇంకో మాట ఉంది: కోడింగ్ పిల్లలను ఏమీ అదనంగా నేర్వని పిల్లలతో పోల్చినప్పుడు ప్రభావం పెద్దగా, వేరే మంచి పద్ధతిలో నేర్చినవాళ్లతో పోల్చినప్పుడు చిన్నగా కనబడింది. తల్లిదండ్రుల అసలు ప్రశ్న రెండోదే కదా. కోడింగుకు పెట్టే గంటలు లెక్కలకే పెడితే?

దానికి దగ్గరగా వచ్చిన పెద్ద ప్రయత్నం ఇంగ్లండులోని ‘స్క్రాచ్‌మ్యాథ్స్’. సీలియా హోయిల్స్, రిచర్డ్ నాస్ వంటి గణిత విద్యా పరిశోధకులు లండన్ యూనివర్సిటీ కాలేజీలో రెండేళ్ల పాఠ్యక్రమం తయారుచేశారు; 9 నుంచి 11 ఏళ్ల పిల్లలకు. నూటికి పైగా బడులు పాల్గొన్నాయి. వేరే విశ్వవిద్యాలయం, షెఫీల్డ్ హాలం, ఫలితాలను కొలిచి 2018లో నివేదిక ఇచ్చింది. మొదటి ఏడాది చివర పిల్లల గణన ఆలోచన (కంప్యుటేషనల్ థింకింగ్) మెరుగైంది, ఉచిత భోజనం పొందే పేద పిల్లల్లో మరింతగా. రెండో ఏడాది చివర జాతీయ గణిత పరీక్షలో మాత్రం తేడా లేదు. ఆ రెండో ఏడాది పరీక్షల ఒత్తిడితో చాలా బడులు స్క్రాచ్ గంటలు తగ్గించేశాయి కాబట్టి ఇది తుది తీర్పు కాదు. అయినా ఒక మాట చెప్పుకోవాలి: ఈ రంగంలో ఆరితేరినవాళ్లు, గణితాన్నే మనసులో పెట్టుకుని, జాగ్రత్తగా రాసిన పాఠాలకే ఇంత. గణితం ఊసే లేని ఆటల యాప్‌కు ఎంత ఉంటుంది?

ఆ పాఠ్యక్రమంలో నాకు విలువైనదిగా తోచింది దాని ఐదు మెట్ల పద్ధతి. ఆఖరి మెట్టు వంతెన: తెర మీద చేసినదాన్ని తిరిగి నోటుపుస్తకంలోని లెక్కతో కలపడం. దీన్ని విడిగా, పేరు పెట్టి, సమయం ఇచ్చి చేయించాలన్నారు. కార్నెగీ మెలన్ వాళ్లు 1988లో కనుక్కున్నదీ ఇదే.

వంతెన వేయదగ్గ చోట్లు గణితంలో కొన్ని నిజంగా గొప్పవి. స్క్రాచ్ తెర మధ్యలో సున్నా ఉంటుంది. కుడికి 240 దాకా, ఎడమకు మైనస్ 240 దాకా. పిల్లిని ఎడమకు పంపాలన్న అవసరంలోంచి ఎనిమిదేళ్ల పిల్ల ఋణ సంఖ్యను వాడేస్తుంది, మన పుస్తకాల్లో ఆరో తరగతిలో పూర్ణసంఖ్యలు రావడానికి చాలా ముందే. చలరాశి కూడా అంతే. భుజాల సంఖ్యకు ఒక పేరు పెట్టి, 360ని దానితో భాగించమని ఒక్కసారి రాస్తే ఏ క్రమ బహుభుజి అయినా వస్తుంది; అక్షరం సంఖ్య స్థానంలో ఎందుకు కూర్చుంటుందో బీజగణితం తొలి పాఠం కంటే ఇది బాగా చెబుతుంది. డగ్లస్ క్లెమెంట్స్, మైకేల్ బటిస్టా లోగోతో చేసిన జ్యామితి పాఠ్యక్రమంలో లాభం కనబడిందీ ఇలాంటి చోట్లనే: కోణం, ఆకారం, దారి.

నష్టం కలిగే చోట్లూ ఉన్నాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. ‘ఎక్స్ = ఎక్స్ + 1’ అని పైథాన్‌లో రాస్తే ఎక్స్ విలువకు ఒకటి కలిపి మళ్లీ అందులోనే ఉంచు అని అర్థం. బీజగణితంలో అది పచ్చి అబద్ధం. సమానం గుర్తంటే ‘జవాబు ఇక్కడ రాయి’ అన్న సైగే తప్ప, రెండు పక్కలూ సరితూగడం అని తెలియని పిల్లలు ఇప్పటికే తరగతి నిండా ఉన్నారు. వాళ్లకు ఈ గుర్తును ఇంకో అర్థంలో చూపించడం మంచిది కాదు. స్క్రాచ్ బ్లాకుల్లో ఆ పనికి సమానం గుర్తు వాడరు, ఆజ్ఞ రూపంలోనే ఉంటుంది. పదకొండేళ్ల లోపు పిల్లలకు పైథాన్ నేర్పుతామని గొప్పగా చెప్పే బడులను నేను అనుమానించడానికి కారణాల్లో ఇదొకటి.

సైన్సు దగ్గరికొస్తే కథ వేరు, నన్నడిగితే లెక్కల కంటే ఆశాజనకం. వేగం, త్వరణం పాఠంలో మనం సూత్రం ఇస్తాం: తుది వేగమంటే తొలి వేగానికి త్వరణం, కాలాల లబ్ధం కలపడం. సూత్రంలో కాలం ఒక అక్షరం మాత్రమే, గడుస్తున్నట్టు ఉండదు. అదే ప్రోగ్రాం రాస్తే రెండు వాక్యాలు: ప్రతి క్షణం వేగానికి కొంచెం కలుపు, ప్రతి క్షణం స్థానానికి వేగాన్ని కలుపు. కారణం ముందు, ఫలితం తర్వాత. భౌతికశాస్త్రాన్ని బీజగణితంలో రాసినప్పుడు, ప్రోగ్రాంగా రాసినప్పుడు విద్యార్థుల అవగాహన ఎలా మారుతుందో బ్రూస్ షెరిన్ 2001లోనే వివరంగా పోల్చారు. ఆయన పరిశీలించింది కాలేజీ విద్యార్థులను. బడి స్థాయిలో ప్రతిమ్ సేన్‌గుప్తా, గౌతమ్ బిశ్వాస్ తదితరులు అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం కేంద్రంగా ఆరో తరగతి పిల్లల చేత చలనాన్నీ, చేపల తొట్టిలోని జీవావరణాన్నీ బ్లాకులతో నమూనాలుగా కట్టించారు. సైన్సులోనూ, గణన ఆలోచనలోనూ లాభం కనబడింది.

కాకపోతే ఇక్కడో ప్రమాదం. తెర మీద బంతి పైకి పడాలంటే పడుతుంది, రాసినవాడిదే రాజ్యం. ప్రకృతి అలా వినదు. నమూనా కట్టిన పిల్ల నిజం బంతిని కూడా వదిలి, రెండూ ఎక్కడ తేడా వచ్చాయో చూస్తేనే అది సైన్సు. లేకపోతే కార్టూను. అందుకే సెన్సరున్న చిన్న బోర్డులు మంచి తోడు. బీబీసీ 2016లో బ్రిటన్‌లో 11-12 ఏళ్ల పిల్లలకు ఉచితంగా పంచిన మైక్రోబిట్ అలాంటిదే. చెట్టు కింద, రేకుల షెడ్డు కింద ఉష్ణోగ్రతను గంటగంటకూ నమోదు చేయించి గ్రాఫ్ గీయిస్తే లెక్కలు, సైన్సు, కోడింగ్ మూడూ ఒకే పనిలో ఉంటాయి.

మరి అయిదారేళ్ల పసివాళ్లకు? వాళ్ల కోసం 2014లో స్క్రాచ్‌జూనియర్ వచ్చింది. మరీనా బెర్స్ బృందం చెక్క దిమ్మెలతో, తెర లేకుండానే ప్రోగ్రాం చేసే కిబో రోబోను కూడా తయారుచేసింది. ఇటలీలో బార్బరా ఆర్ఫే బృందం ఒకటో తరగతి పిల్లలకు కొన్ని వారాలు కోడింగ్ ఆటలు నేర్పి చూస్తే, ముందే ఆలోచించి అడుగు వేయడం, తొందరపాటును ఆపుకోవడం మెరుగయ్యాయి. ఈ వయసులో ఆశించదగ్గది అదే: వరుస, ఓపిక, తప్పు పడితే ఏడవకుండా మళ్లీ చూడటం.

దానికి కంప్యూటరే అక్కర్లేదు. న్యూజిలాండ్‌లోని టిమ్ బెల్, సహచరులతో కలిసి 1990ల నుంచే యంత్రం లేకుండా కంప్యూటరు శాస్త్రం నేర్పే ఆటలు తయారుచేస్తున్నారు. మనకైతే వాకిట్లోనే సరుకుంది. ‘7 చుక్కలు, 4 వచ్చేదాకా సందు చుక్క’ అని ముగ్గుల పుస్తకంలో ఒక్క ముక్క రాసి ఉంటుంది. దాన్ని చదివి మధ్యలో ఏడు, రెండు వైపులా ఆరు, ఐదు, నాలుగు పెట్టేసే అమ్మమ్మ ఒక ప్రోగ్రాంను నడిపిస్తున్నట్టే. మొత్తం చుక్కలెన్ని అని మూడో తరగతి పిల్లను అడగండి. 37 అని కూడి చెబుతుంది. 9 నుంచి 5 దాకా అయితే? అక్కడి నుంచి సూత్రం వెతుకులాట మొదలవుతుంది. ఇది నా సొంత చమత్కారమేమీ కాదు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1970ల్లోనే కోలం, అంటే తమిళ ముగ్గు, గీతలకు గణన వ్యాకరణాలు రాశారు.

దేశాలు కోడింగ్‌ను టైంటేబుల్‌లో ఎక్కడ పెట్టాయన్నది అసలు విధాన ప్రశ్న. ఇంగ్లండు 2014లో ఐదేళ్ల వయసు నుంచి కంప్యూటింగ్‌ను ప్రత్యేక సబ్జెక్టు చేసింది. మూడేళ్లకే రాయల్ సొసైటీ నివేదిక అమలు అతుకుల బొంతలా, బలహీనంగా ఉందని తేల్చింది. టీచర్లు చాలలేదు. ఫిన్లండు 2016 నుంచి దాన్ని గణితంలో కలిపింది. స్వీడన్ 2018లో బీజగణితం భాగంలో చేర్చింది. జపాన్ 2020లో ప్రాథమిక స్థాయిలో తప్పనిసరి చేస్తూనే సబ్జెక్టుగా విడదీయలేదు. ఐదో తరగతి గణితంలో క్రమ బహుభుజులు, ఆరో తరగతి సైన్సులో విద్యుత్తును పొదుపుగా వాడే పరికరాలు అని పాఠం పేరుతో సహా చూపించింది. నాకు నచ్చింది జపాన్ పద్ధతి. చేసేది తక్కువ, ఎక్కడ చేయాలో స్పష్టం, లెక్కల మాస్టారి చేతిలోనే ఉంటుంది.

మన దగ్గర 2020 జాతీయ విద్యా విధానం కోడింగ్ కృత్యాలను మధ్య దశలో, అంటే 6 నుంచి 8 తరగతుల్లో పెట్టమంది. ఆ విధానం వచ్చిన వారాల్లోనే పసిపిల్లలకూ కోడింగ్ తప్పనిసరి అన్నట్టు ప్రచారం హోరెత్తింది. బైజూస్ 30 కోట్ల డాలర్లకు కొన్న వైట్‌హ్యాట్ జూనియర్ ప్రకటనల్లో గూగుల్‌లో కోట్ల జీతం సంపాదించిన ఊల్ఫ్ గుప్తా అనే బాలుడు కనబడేవాడు. అలాంటి కుర్రాడెవరూ లేడు. ప్రకటనల ప్రమాణాల మండలి చెప్పాక కొన్ని ప్రకటనలు దిగిపోయాయి. కోడింగ్ అనగానే ఉద్యోగం, ఉద్యోగమనగానే అమెరికా గుర్తొచ్చే మన తెలుగు ఇళ్లలో అలాంటి ప్రకటన పనిచేయడంలో వింత లేదు. ఇప్పుడు కృత్రిమ మేధ అడిగిందే తడవుగా కోడ్ రాసిస్తోంది కాబట్టి ఎనిమిదేళ్ల పిల్లకు ఉద్యోగం చూపించే వాదన ఇంకా పలచబడింది. 360ని ఎందుకు పంచాలో తెలియడం అనే వాదన మాత్రం చెక్కుచెదరలేదు.

గణన ఆలోచన, కృత్రిమ మేధలను 2026-27 నుంచి మూడో తరగతి మొదలు పాఠ్యక్రమంలోకి తెస్తామని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. అదే మూడో తరగతిలో, పిల్లల చదువుల స్థాయిని కొలిచే 2024 అసర్ సర్వే ప్రకారం, గ్రామీణ భారతంలో తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం. బడుల వివరాలు సేకరించే ప్రభుత్వపు 2024-25 యూడైస్ లెక్కల్లో కంప్యూటరు ఉన్న బడులు 64.7 శాతం. తీసివేతే రాని పిల్లకు కోడింగేమిటి అని కొట్టిపారేయడం తేలిక, కానీ అది సరికాదు. అప్పు తెచ్చుకోవడం అనే పద్ధతిని అడుగడుగుగా రాయడం, తప్పు ఏ అడుగులో పడిందో వెతకడం గణన ఆలోచనే. తీసివేత కూడా అందులోనే ఉంది. తమిళనాడు తన గణిత పుస్తకాల్లోనే ‘సమాచార నిర్వహణ’ అన్న తీరులో ఒక అధ్యాయం పెట్టి, క్రమంగా జాబితా రాయడం, ఫ్లోచార్టులు, చెట్టు చిత్రాల వంటివి కంప్యూటరు లేకుండా చేయిస్తోంది. కేరళ ప్రాథమిక తరగతులకు ‘కళిప్పెట్టి’ పేరిట ఐటీ పుస్తకాలు మలయాళంలోనే వేసింది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో. ఈ రెండు రాష్ట్రాల నుంచి తెలుగు రాష్ట్రాలు తెచ్చుకోదగ్గవి ఇవి.

భాష సంగతి చిన్నదేమీ కాదు. స్క్రాచ్ వాడే పిల్లల సమాచారాన్ని పరిశీలించిన సాయమిందు దాస్‌గుప్తా, బెంజమిన్ మాకో హిల్ 2017లో ఒక సంగతి గమనించారు: బ్లాకుల మీది మాటలు తమ భాషలో ఉన్న పిల్లలు, ఇంగ్లిషు బ్లాకులతో పనిచేసే తమ దేశపు పిల్లల కంటే త్వరగా కొత్త బ్లాకులను అందుకున్నారు. మన పుస్తకాలు ఎలాగూ ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషుగా వస్తున్నాయి. ‘మళ్లీ చెయ్యి’, ‘అలా అయితే’, ‘లేకపోతే’ అన్న బ్లాకులు మూడో తరగతి పిల్లకు ఇంగ్లిషు స్పెల్లింగు భారం లేకుండా దొరకాలి.

మూడో తరగతి నుంచి తెస్తామన్న ఈ కొత్త పాఠాల పుస్తకాలు అన్ని బడులకూ చేరేలోపు ఒక పని మిగిలింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొన్ని మండలాలు ఎంచుకుని, సగం బడుల్లో లెక్కల టీచరే ఈ పాఠాలు చెప్పాలి. మిగతా సగంలో అవే గంటలు, అదే టీచరు శిక్షణ, అచ్చంగా లెక్కల సాధనకే ఇవ్వాలి. ఏడాది చివర రెండు వైపులా ఒకే పరీక్ష పెట్టాలి: తీసివేత, భిన్నాలు, కోణాలు, వాటితో పాటు తప్పుగా రాసిన దారి సూచనలో తప్పు పట్టడం. ఫలితం ఎటు వచ్చినా అచ్చు వేసి బయటపెట్టాలి.